వినేదాకా మైల లేదు

రాజమండ్రిలో కోటిలింగాల రేవుకు పోయే సందులో ఒక పాత మేడ ఉండేది. మొన్నటి వానలకు అది కూలిపోయిందని ఎవరో చెబితే సంతోషించాను. ఆ పూట పాయసం చెయ్యమని మా కోడలితో అన్నాను కూడా. ఎందుకండీ అని అడిగితే చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఇది రైలు ఇంకా రాని రోజుల మాట. ఎవరో జమీందారు కట్టించి వదిలేసిన ఆ మేడలో దంపతులిద్దరు పూటకూళ్ల ఇల్లు నడిపేవారు. కింద వంట, భోజనాలు. పైన నాలుగు గదులు. గోడల గచ్చు పెళ్లలు పెళ్లలుగా రాలేది. కోర్టు పనుల మీద వచ్చినవాళ్లు, పరీక్షలకు వచ్చిన నాబోటివాళ్లు మనిషికో చాప చొప్పున అక్కడ దిగేవాళ్లం. భార్య మడి కట్టుకుని వండేది. వడ్డన ఆయనది. ఆయన నెయ్యి వేస్తే ఆ సంగతి అన్నానికి తెలిసేది కాదు.

నా పక్క విస్తరి పాలకొల్లు నుంచి పొలం తగాదా మీద వచ్చిన ఒక పెద్దాయనది. ఆయన ఆచారం అంతా ఇంతా కాదు. ఎవరి చేతి నీటిచుక్క చిందినా విస్తరి మార్చమనేవారు. ఆయన తింటున్నారంటే ఆ ఇంటి మడికి తిరుగులేదని కోర్టు చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఇల్లు నడిచేదే ఆ పేరు మీద.

నేను మెట్రిక్యులేషన్ పరీక్షకు రెండోసారి వచ్చాను. మాది పెద్దాపురం దగ్గర పల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అక్క పెళ్లయి ఆ ఊళ్లోనే ఉంది. అమ్మకు నేనొక్కణ్ణే కొడుకును. బయల్దేరేటప్పుడు అమ్మకు కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది. "ఈసారి గట్టెక్కి రా నాయనా" అంది.

పరీక్షల రెండో రోజు పొద్దున్న, పంక్తిలో పప్పు కలుపుకుంటుండగా వాకిట్లో ఎవరో పిలిచారు. ఇంటాయన వెళ్లి చాలాసేపటికి వచ్చారు. తల మీంచి నీళ్లు కారుతున్నాయి. తిన్నగా నా విస్తరి దగ్గరికి వచ్చి రెండోసారి నెయ్యి వేశారు, అదీ ధారగా. "బాగా తినండి బాబూ, పరీక్ష కదా" అన్నారు. నేను పొంగిపోయాను. అంత మంచివాణ్ణి ఇన్నాళ్లూ పిసినారి అనుకున్నానే అని నొచ్చుకున్నాను కూడా.

పరీక్షలన్నీ అయిన మర్నాడు ధవళేశ్వరంలో పడవ ఎక్కాను. కడియం లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు, ఒడ్డున తాడు లాగే మనిషి నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. మా ఊరి రేవుకు తరచూ వచ్చేవాడే.

"అదేంటండి బాబూ, ఇయ్యాలా బయల్దేరారు? అమ్మగారు పోయి ఎనిమిది రోజులైపోయిందండి."

నాకు అర్థం కాలేదు. ఎవరి అమ్మగారని అడిగాను.

"మీ అమ్మగారేనండి. అక్కగారు ఉత్తరం రాయించి నా చేతికిచ్చారండి. మీరు తింటున్నారంటే ఆ పూటకూళ్ల అయ్యగారికిచ్చానండి. గుమ్మంలోనే చదివి చింపి పారేశారండి. నూతి కాడ రెండు చేదలు తల మీద పోసుకుని, నేను చెబుతాలే పో, అన్నారండి."

కట్టుబట్టలతో కాలవలోకి దిగి మునిగాను. లేచేసరికి నాకంతా తెలిసిపోయింది. చావు కబురు విన్న క్షణం నుంచి అయినవాళ్లకు మైల. మైలలో ఉన్నవాడు తాకిన అన్నం మడిగలవాళ్లు ముట్టరు. కానీ కబురు చెవిన పడేదాకా మైల లేదు. ఇది శాస్త్రం. ఆ పంక్తిలో నాకు కబురు చెబితే పదిమంది విస్తళ్ల ముందు నుంచి లేచిపోవాలి, వండిన వంటంతా పారబోయాలి, పాలకొల్లు పెద్దాయన వేరే ఇల్లు చూసుకోవాలి. చెప్పకపోతే ఏ బాధా లేదు. భోజనాలయ్యాక చెబితే, ఉత్తరం ఎప్పుడొచ్చిందని అడుగుతారు. అందుకని ఆయన నాకు నెయ్యి వేశాడు. ఇకమీద అతన్ని 'ఇంటాయన' అన్నానంటే అది అలవాటే కానీ గౌరవం కాదు.

మా అమ్మ చితికి పెదనాన్నగారి అబ్బాయి నిప్పు పెట్టాడట. నేనప్పుడు లెక్కల పరీక్షకు వల్లె వేసుకుంటున్నాను.

"ఎల్లుండి పదో రోజండి. ఇదే పడవలో వస్తే రేపు తెల్లారేసరికి ఇంటికాడుంటారండి" అన్నాడు పడవమనిషి.

నేను మూట తీసుకుని దిగిపోయాను. గట్టు వెంట వెనక్కి నడిచాను. ఏడుపు రాలేదు. ఆ మనిషి మొహం తప్ప మరేమీ కళ్ల ముందు లేదు.

పొద్దు వాలుతుండగా రాజమండ్రి చేరాను. అప్పుడే ఆ ఇంటికి వెళ్లవలసింది. వెళ్లలేదు. రాత్రి భోజనానికి ఇద్దరో ముగ్గురో ఉంటారు, మడిగలవాళ్లు ఫలహారంతో సరిపెట్టుకుంటారు. నాకు నిండు పంక్తి కావాలి. సత్రం అరుగు మీద పడుకుని, పొద్దున్న గోదాట్లో మునిగి, ఆ సందు మొగలో నిలబడ్డాను. మధ్యాహ్నం పడవకు ధవళేశ్వరం చేరితే పదో రోజు తెల్లవారేసరికి ఊళ్లో ఉండవచ్చు. ఆ మాట నాకు గుర్తుంది. అయినా విస్తళ్లు వేసేదాకా, అందరూ కూర్చునేదాకా, పాలకొల్లు పెద్దాయన ఆపోశన పట్టేదాకా ఆగాను. ఆ వేళ వంట ఆలస్యమైంది. అయినా కదల్లేదు.

అప్పుడు లోపలికి వెళ్లాను.

"ఏం బాబూ, మళ్లీ వచ్చారు?" అన్నాడు ఇంటాయన. నా తడిబట్టలు చూసి అతని చేతిలో గరిట ఆగిపోయింది.

పంక్తి అంతా వినేలా చెప్పాను. మా అమ్మ పోయిందని, ఉత్తరం ఇతనికి అందిందని, చింపేశాడని, ఆ తరవాత నాలుగు రోజులు నన్ను మీ అందరి పక్కన కూర్చోబెట్టి వడ్డించాడని.

పాలకొల్లు పెద్దాయన నోట్లో ముద్ద అలాగే ఉంది. "నిజమేనా?" అన్నారు.

"నిజమేనండి. కానీ వినేదాకా మైల లేదు కదండీ! ఈయన విననే లేదు. మీకెవరికీ ఏ దోషం లేదండి" అన్నాడు ఇంటాయన. తడుముకోలేదు. ఆ జవాబు అతను ముందే సిద్ధం చేసుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీ పరీక్ష చెడిపోతుందని ఊరుకున్నాను బాబూ" అన్నాడు.

"పరీక్ష మళ్లీ రాసుకునేవాణ్ణి. మా అమ్మ మళ్లీ చస్తుందా?" అన్నాను. "శాస్త్రం మాత్రం బాగా చెప్పారు. నేను నిన్ననే విన్నాను. ఇప్పుడు మైలలోనే ఉన్నాను."

వంటింటి గడప దాటి, వార్చి దించిన అన్నపు గుండిగలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. అన్నం కాలిపోతోంది. తియ్యలేదు. పులుసు గిన్నె ముట్టుకున్నాను, నేతి గిన్నె ముట్టుకున్నాను, దండెం మీద ఆరేసిన మడిబట్టలు ముట్టుకున్నాను. ఆ ఇల్లాలి మొహం అప్పుడే మొదటిసారి చూశాను. గోడకు ఆనుకుని, నేను తాకుతానేమోనని పైట దగ్గరికి లాక్కుంటోంది. నేనామెను తాకలేదు. అంతవరకే నా మంచితనం.

పెద్దాయన ముద్ద ఉమ్మేసి లేచారు. ఆయన వెనక పంక్తంతా లేచింది. సాయంత్రానికి కోర్టు ఆవరణలో ఈ కథే. ఏడాది తిరక్కుండా ఆ మేడకు తాళం పడిందనీ, దంపతులు ఎటో వెళ్లిపోయారనీ తరవాత తెలిసింది. ఆ ఇల్లాలు ఏం పాపం చేసిందని ఎవరైనా అడగవచ్చు. నన్ను నేను అడగలేదు. నా చేతి మీద కాలిన పుండు మానడానికి నెల పట్టింది. మానకపోయినా బాగుండేదనిపించేది.

ధవళేశ్వరం దాకా పరిగెత్తాను. పడవ వెళ్లిపోయింది. మర్నాటి పడవలో బయల్దేరి, పదకొండో రోజున ఇల్లు చేరాను. పరీక్ష పాసయ్యాను. ఆ పాసుతోనే ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను.

నేను ఇల్లు చేరేసరికి అక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఆ ఇంటాయన చేసిన పని ఆవేశంగా చెప్పుకుపోయాను. గుండిగలో చెయ్యి పెట్టిన చోటికి వచ్చేసరికి, మెచ్చుకుంటుందని ఆగాను.

"పడవమనిషి నీకు కడియంలోనే చెప్పాడటగా?" అంది అక్క.

చెప్పాడన్నాను.

"పదో రోజు పిండం కాకి ముట్టలేదురా. పొద్దెక్కేదాకా కాలవగట్టున కూర్చున్నాం. నువ్వు వస్తే ముడుతుందేమో, ఇంకో పడవ చూద్దామని నేనే అందర్నీ ఆపాను. ఆఖరికి నీళ్లలో వదిలేశాం."

ఆ మాటకు ఆ పూటకూళ్ల మనిషిని తిట్టబోయి నోరు తెరిచాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు.