ఎడింబరోలో టీ తాగి కప్పు పట్టుకుని లేచింది నేనే

నా పేరు మరియమ్మ. డెబ్బై రెండేళ్ళు. ఐర్లాండ్‌లో అత్లోన్ అనే ఊళ్ళో నా కూతురు సువార్త ఇంట్లో ఉంటాను. సువార్త నర్సు. కూతురు, అల్లుడు, మనవరాలు గ్రేస్, నేను... మొత్తం నలుగురం. నాకు అక్షరం రాదు. నేను చెబుతున్నాను, సువార్త రాస్తోంది.

మా చిన్నప్పుడు... నాట్లు వేసి తిరిగొచ్చే దారిలో, కాలువ వంతెన పక్కన ఒక టీ హోటలు ఉండేది. లోపల రెండు బల్లలు. ఊళ్ళోవాళ్ళు వాటి మీద కూర్చునేవాళ్ళు. ఊరి చివర మాదిగపల్లె మాది. మేము బయట రోడ్డువార గొంతుక్కూర్చునేవాళ్ళం.

మా గ్లాసులు వేరు. తాటాకు చూరులో దోపి ఉండేవి. మేమే తీసుకుని పట్టుకుంటే, హోటలాయన గిన్నె ఎత్తి, తగలకుండా పైనుంచి పోసేవాడు. తాగాక మేమే కడిగి మళ్ళీ చూరులో దోపాలి.

టీ మాత్రం బాగుండేది... బెల్లం వేసి చిక్కగా కాచేవాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు, నడుం పట్టేసి ఉందేమో, ఎంగిలి గ్లాసు అలాగే దోపేసి వచ్చాను. హోటలాయన చూశాడు. మూడు రోజులు మా పల్లె మొత్తానికి టీ లేదన్నాడు. తిట్లు వేరే. నాలుగో రోజు మా అమ్మ నా చేతిలో బూడిద పెట్టి, పన్నెండు మంది గ్లాసులూ నాచేతే తోమించింది.

"తాగినాక లేచి కడగాల. ఈసారి మర్చిపోయావంటే చేతులిరగ్గొడతా" అంది.

మర్చిపోలేదు. ఇప్పుడు గొడవంతా అదే.

నేను పుట్టిన రోజేదో నాకే తెలియదు. పాస్‌పోర్టులో ఎవరో వేసిన రోజును పట్టుకుని, గ్రేస్ నన్నూ వాళ్ళమ్మనూ స్కాట్లాండ్ తీసుకెళ్ళింది. టీ తాగడానికట! టీ కోసం విమానం ఎక్కడమేమిటో... ఎడింబరోలో మొదటి హోటల్లో ముందే చెప్పి ఉండాలన్నారు. రెండోది మేడ మీద, ఆ మెట్లు చూసి నేనే వద్దన్నాను. కోట నుంచి దిగువకు వచ్చే సందులో చిన్న దుకాణం ఉంటే, అక్కడ చోటు దొరికింది.

వేణ్ణీళ్ళలో ఆకు నానబెట్టి ఇచ్చారు, పాలు పక్కన. మూడంతస్తుల పళ్ళెం. కింద కీరా ముక్కలు పెట్టిన వేలెడంత రొట్టెలు, పైన కేకులు. నేను పైది తీశాను.

"అమ్మమ్మా, నో! కింద నుంచి స్టార్ట్ చెయ్యాలి."

"ఏందే, తినేదానిక్కూడా నిచ్చెనెక్కాలా?"

తాగడం అయింది. లేచాను. కప్పూ సాసరూ తీసుకుని కుళాయి కోసం వెనక గదివైపు నడిచాను. ఆలోచించి చేసింది కాదు... కాళ్ళే వెళ్ళాయి. దుకాణం ఆవిడది నా ఈడే. ఎదురొచ్చి కప్పు అందుకుంది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి, వేరే కప్పులో మళ్ళీ పోసింది.

గ్రేస్ నవ్వుతూ అదంతా ఫోన్లో తీసింది. ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో "ఎడింబరోలో ఆఫ్టర్‌నూన్ టీ ఎక్కడ బాగుంటుంది?" అని అడిగితే, ఆ వీడియో పెట్టింది. ఇక చూడండి నవ్వులు! "ఆంటీ సో క్యూట్" అని ఒకరు. "ఇంట్లో గిన్నెలన్నీ తోమేది ఆంటీయేనా?" అని ఒకరు. "పల్లెటూరి వాళ్ళకి ఇలాంటి చోట్లు ఎందుకండీ" అని ఒకావిడ.

సువార్త చదివి వినిపించి, వీడియో తీయించేస్తానంది.

"తీసేస్తే నవ్వింది పోద్దా? నేనెందుకు లేచానో రాయి" అన్నాను.

"ఎందుకమ్మా ఇక్కడ అవన్నీ? నెలనెలా వాళ్ళందరితో కలిసి కూర్చుని తింటున్నాం. ఇంతవరకూ ఎవరన్నా ఏమన్నా అడిగారా?"

అడగలేదా! పోయిన నెల భోజనాల దగ్గర ఒకావిడ "మీదే ఊరండీ? ఊళ్ళో ఎటువైపు?" అని ఎంత తియ్యగా అడిగింది! "గుంటూరు టౌనండీ" అని తప్పించుకుంది ఎవరు? గుంటూరులో ఒక్కరోజైనా కాపురం ఉన్నామా? ఇదే మాట సువార్త మొహం మీదే అన్నాను.

గ్రేస్ పక్కనే ఉంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, మాట మాత్రం ఇంగ్లీషే. చూరు గ్లాసుల సంగతి నేను చెబుతుంటే అప్పుడే మొదటిసారి విన్నది.

"వై డిడ్ నోబడీ టెల్ మీ?"

పిల్ల మీద నాకు కోపం లేదు. తెలియక నవ్వింది. తెలిసేలా మాలో ఎవరు చెప్పారు?

వీడియో తియ్యొద్దు, దాని కిందే ఇది పెట్టండి అన్నాను. సువార్త పెన్నూ కాగితమూ తెచ్చుకుంది. తర్వాత "చెప్పమ్మా" అంది.

టీ గురించి అడిగినవాళ్ళు ఆ సందులో దుకాణానికే వెళ్ళండి. టీ చప్పగా ఉంటుంది. మనిషి మంచిది.

మీరందరూ చిన్నప్పటి ఊరి హోటలు గురించి మురిసిపోతూ రాస్తుంటారు... ఆ పొయ్యి, ఆ బల్ల, ఆ అల్లం వాసన. సువార్త చదివి వినిపిస్తుంటుంది. విని విని విసుగొచ్చింది. బయట ఎవరు కూర్చున్నారో ఒక్కరూ రాయరేం?

ఇప్పుడు మా ఊళ్ళో ఆ హోటలూ లేదట, ఆ తాటాకూ లేదట. అందరికీ కాగితం కప్పులే... తాగి పారేయడమే. మీదెటువైపు అని అడగడం ఒక్కటే పోలేదు. కాస్త మెత్తగా అడుగుతున్నారు, అంతే.

మీ ఊరి హోటలు బయట ఎవరుండేవారో గుర్తు తెచ్చుకుని కింద రాయండి. నవ్వినవాళ్ళు ముందు రాయండి.

మరియమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
గ్రేస్, మనవరాలు.
సువార్త, కూతురు. పుట్టింది మాదిగపల్లెలో.