చెవి విరిగిన నంది

ఇవాళ పొద్దున నేను పాఠాలు చెప్పే గడివేముల బడిలో కొత్త పిల్లల ముందు డబ్బా బోర్లించాను. ప్లాస్టిక్ ఇటుకలు గలగలమంటూ బండల మీద పరుచుకున్నాయి. ఎన్నేళ్లుగా వింటున్నా ఆ చప్పుడుకు ఒక్కసారి ఉలిక్కిపడతాను. వెనకనుంచి విశ్వం సార్ గొంతు వినిపిస్తుందని చెవి అటే పోతుంది. సార్ పోయి ఏడాది దాటింది. పొద్దున పిల్లలకు పాఠం చెప్పిన మనిషి మధ్యాహ్నానికి లేరన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ తలకెక్కలేదు.

నంద్యాలలో నేను ఎనిమిది చదివేటప్పుడు ఆయన మా సైన్సు సారు. ఎవరో దాత బడికిచ్చిన, ఇటుకలూ మోటార్లూ ఉన్న రోబో పెట్టెలు పిల్లలు పాడుచేస్తారని బీరువాలో తాళంవేసి ఉంటే, ఆ తాళం తీయించింది ఆయనే. మొదటిరోజు నేను కిటికీలూ తలుపూ పెట్టి ఒక ఇల్లు కట్టాను. మా ఇంటికంటే బాగుంది. సార్ దాన్ని నాలుగు పక్కలా తిప్పి చూశారు. "బాగుండాది" అన్నారు. అని, రెండు చేతులతో విరిచేసినట్టు విప్పి ముక్కలు నా ముందు పోశారు. దెబ్బ తగిలినా ఏడవని దాన్ని, అందరి ముందూ బోరుమన్నాను.

"ఏంది హుసేనీ, అట్ల చూస్తాండావ్? ముక్కలు యాడికీ పోలేదు గదా. తలుపు ఇంకోపక్క పెట్టి కట్టు" అన్నారాయన తాపీగా.

ఇంటికి పోయి మా నాయనతో చెప్పుకున్నాను, వచ్చి సారును నాలుగు దులుపుతాడని. మా నాయన పరుపులు కుట్టేవాడు. దారం పంటితో తెంపి నవ్వాడు. "పాత పరుపు విప్పి దూది ఏకకుండా నేను కొత్తది కుడతాండానా? పో, పోయి బువ్వ తిను" అన్నాడు. ఇంట్లో కూడా దిక్కులేదని తేలిపోయింది. ఆ ఏడాదంతా కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. బండి కట్టినా, క్రేన్ కట్టినా, గంట కొట్టేసరికి ముక్కలు డబ్బాలో ఉండాల్సిందే. సార్‌ను మనసులో తిట్టుకోని రోజు లేదు.

కడపలో రోబోల పోటీ ఉందన్నప్పుడు ఎద్దును కడతానన్నాను. నేల మీద అతికించిన నల్లగీత వెంబడి నడిచి, ఎదురుగా ఏదైనా అడ్డమొస్తే ఆగి తల ఊపే ఎద్దు. కాళ్లకు మోటార్లు, మూతి కింద గీతను పసిగట్టే కన్ను, పొట్టలో ప్రోగ్రాం. సార్ ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన ముఖం మాడిపోయింది. ఎందుకో ఆయనే చెప్పారు. వాళ్లది ఆళ్లగడ్డ, శిల్పాలు చెక్కే ఇల్లు. కుర్రతనంలో ఒక నందిని చెక్కుతూ, రేపు ఇచ్చేయాలనగా ఉలి జారి చెవి విరగ్గొట్టారట. వాళ్ల నాయన, ఆ పెద్దాయన, సార్ చేతిలోంచి ఉలి తీసుకుని, నీ చెయ్యి రాయికి పనికిరాదన్నాడట. ఆరోజు నుంచి కొడుకుతో మాట లేదు.

"ఇరిగిన బొమ్మ ఇంట్లో ఉండగూడదని కాలువలో ఏస్తారు మేయ్. ఆ నందినీ ఏసినారు, దాంతోపాటు నన్నూ ఏసినారు" అన్నారు సార్. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే భయమేసింది. ఒక రాతిచెవి కోసం కన్నకొడుకుతో మాటలు మానేస్తారా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కడపకు పోయే బస్సు ఆళ్లగడ్డ మీదుగానే పోతుంది. పోటీకి ముందురోజు, పిల్లలకు ఇంత బువ్వ పెట్టి పంపుతానని సార్ వాళ్లమ్మ పట్టుబట్టింది. నేనూ, మా తరగతి పిల్లలు ఇద్దరూ, సారూ దిగాం. రోడ్డు పక్కన షెడ్డు, దాని వెనక ఇల్లు. షెడ్డులో సగం చెక్కిన దేవుళ్ల మధ్య, తల నుంచి కాళ్లదాకా రాతిదుమ్ముతో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కొడుకును చూసి తల దించుకుని ఉలి మీద సుత్తి వేశాడు. సార్ ఇంట్లోకి పోకుండా షెడ్డు గుంజ దగ్గరే నిలబడిపోయారు. అట్లా ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు కనబడనట్టు ఉండటం చూడలేకపోయాను. ఏదో ఒకటి చెయ్యాలని నేల మీద నల్లటేపు అతికించి ఎద్దును వదిలాను.

ఎద్దు బుడిబుడిగా నడుచుకుంటూ పోయి పెద్దాయన కాలి ముందు ఆగి తల ఊపింది. సుత్తి ఆగిపోయింది. జన్మంతా కదలని నందుల్ని చెక్కినవాడు కదా, నోరు తెరుచుకుని చూశాడు. కిందేముందో చూద్దామని రెండు చేతులూ వేసి ఎత్తాడు. రాయి ఎత్తిన చేతులవి, రాయి ఎత్తే బలంతోనే ఎత్తాయి. బరువే లేని ఎద్దు చేతుల్లోంచి ఎగిరి, గ్రానైటు బండ మీద పడి ముక్కలైంది.

పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. వంగి, ముక్కముక్కా ఏరి తువ్వాలలో మూట కట్టుకుని బయటికి నడిచాడు.

"ఓరి దేవుడా, కాలువకు పోతాండాడు" అంది సార్ వాళ్లమ్మ, ఆ అవ్వ, గడపలోంచి.

సార్ వైపు చూశాను. కట్టెలా బిగుసుకుపోయి ఉన్నారు. నేను పరిగెత్తాను. కాలువ గట్టు మీద తువ్వాల కొస పట్టుకున్నాను.

"తాతా, ఆగు. యాడికి తీస్కపోతాండావ్?"

"నా చేతిలో పాయ పాపా. ఇరిగినదాన్ని నీళ్లకిచ్చేయాల."

"ఇరగలేదు తాతా, ఊడింది. కూచో, చూపిస్తా."

మూట విప్పి గట్టు మీదే కూర్చున్నాను. సార్ నాతో ఆ ఎద్దును ఎన్నిసార్లు విప్పించారో, నా చేతులకు అది కంఠతా వచ్చేసింది. పెద్దాయన ఒక్కో ముక్కా అందించాడు. కాళ్లు, పొట్ట, మెడ. చివరికి చెవులు. బటన్ నొక్కి అరచెయ్యి అడ్డం పెడితే ఎద్దు తల ఊపింది. ఆయన నా చేతుల్ని తిప్పి తిప్పి చూశాడు, వాటిలో ఏదో దాచానన్నట్టు.

"మళ్లా వస్తాదా?" అన్నాడు. "ఎన్నిసార్లు పడినా వస్తాదా?"

"వస్తాది తాతా. మా సారే నేర్పించినాడు."

వెనక్కి చూస్తే సార్ వచ్చి నిలబడి ఉన్నారు. పెద్దాయన ఆయన పక్కనుంచే షెడ్డుకు పోయాడు. మేమూ వెనకే పోయాం. మూలన గోనెపట్టాల కింద చెయ్యి పెట్టి ఏదో బయటికి తీశాడు. జానెడు నల్లరాతి నంది. దానికి ఒక చెవి లేదు. సార్ గుంజ పట్టుకున్నారు.

"ఇరిగినవన్నీ ఏసినా" అన్నాడు పెద్దాయన, కొడుకును కాదు, నన్ను చూస్తూ. "దీన్ని గూడా ఏద్దామని కాలువ దాకా పోయినా. చెయ్యీ రాలే. వచ్చి వీనికి చెప్దామంటే నోరూ రాలే."

"నాయనా" అన్నారు సార్.

"బువ్వ సల్లారిపోతాంది, రాండి ఇద్దరూ" అని పిలిచింది అవ్వ, రోజూ పిలిచినట్టే. ఇద్దరూ పోయి పక్కపక్కన కూర్చున్నారు.

బస్సులో మైదుకూరు దాకా సార్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. తర్వాత నావైపు తిరిగి, "పెట్టుకున్నాడు హుసేనీ. ఇన్నేళ్లూ ఇంట్లోనే పెట్టుకున్నాడు" అన్నారు. కళ్లు తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. పోటీలో మా ఎద్దు మలుపు దగ్గర గీత తప్పి గోడకు ఎదురుగా నిలబడి, గోడకే మర్యాదగా తల ఊపుతూ ఉండిపోయింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా సారే.

పెద్దాయన సార్‌కంటే ముందే పోయాడు. సార్ పోయాక షెడ్డు ఖాళీ చేస్తుంటే ఆ నందిని కాలువలో వేసేద్దామన్నారు చుట్టాలు. నేను అవ్వను అడిగి తెచ్చుకున్నాను. "మనింట్లో నందేందే?" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంటే, బడికి తెచ్చి ఇటుకల డబ్బాల పక్కన పెట్టాను.

ఇవాళ కొత్త పిల్లల్లో ఒకడు కట్టిన క్రేన్ బల్ల మీంచి జారి పడింది. వాడు పాలిపోయిన ముఖంతో నా దగ్గరికొచ్చి, "పాయ టీచర్" అన్నాడు. పెద్దాయన గొంతే విన్నట్టయింది. వాణ్ని నంది దగ్గరికి తీసుకుపోయి, దీనికొక చెవి కావాలి, కట్టిస్తావా అని అడిగాను. క్రేన్ ముక్కలతోనే కట్టి, రబ్బరుబ్యాండుతో కొమ్ముకు తగిలించాడు. సాయంత్రానికి అది రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ వాడే తగిలించాడు. గంట కొట్టాక డబ్బాలు సర్దుతూ చూశాను. సార్ చెక్కిన చెవికి జోడీగా, తలకు అవతలిపక్క, ఎర్రచెవి ఒకటి కొంచెం వంకరగా నిలబడి ఉంది.

దాన్ని మాత్రం విప్పమనలేదు.