చిట్టి ఆమ్లజని అయిన ఆదివారం

ఆ రోజుల్లో చదువు నాకు పాత జబ్బులా ఉండేది. ఎంత దాచుకున్నా ఎక్కడో ఒకచోట బయటపడేది. ఊళ్ళో హైస్కూలు పరీక్ష తప్పి, ఇంట్లో మొహం చూపించలేక మద్రాసు పారిపోతే, కూలీలని పోగుచేసే డిపో మనిషి ఒకడు గుమాస్తా పని ఇప్పిస్తానని ఓడ ఎక్కించాడు. ఫిజీలో దిగాక చేతికిచ్చింది చెరకు కత్తి. రాకిరాకి వైపు ఒక తోటలో ఐదేళ్ళ గిర్మిట్టు, అంటే కూలీ ఒప్పందం. (తప్పిన పరీక్షలో నాకు మంచి మార్కులొచ్చింది ఒక్క రసాయన శాస్త్రంలోనే. చెరకు నరకడానికి అది బొత్తిగా పనికిరాదని అనుభవం మీద చెబుతున్నాను.)

ఆదివారాలు పని ఉండదు కనక కూలీలముండే లైన్ల ఇళ్ళ చివర, వంటపాక నీడలో పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు చెప్పడం మొదలుపెట్టాను. అందరిలోకీ చురుకైంది చిట్టి. తల్లి లేని పిల్ల, తండ్రితో పాటు మా ఓడలోనే వచ్చింది. పదేళ్ళుంటాయేమో. ఇంకొన్నాళ్ళకి పని చేయించే సర్దారు దాన్నీ పొలానికి తోలతాడని అందరికీ తెలుసు. అందుకేనేమో, ఉన్న ఆదివారాల్లోనే లోకమంతా అడిగెయ్యాలని దాని ఆత్రం. ఆ రోజు ముంత ఎత్తి నీళ్ళు తాగుతూ మధ్యలో ఆగి, "మేష్టరూ, నీళ్ళు దేంతో చేసినారు?" అంది. అక్షరాల దగ్గరే ఆగి ఉంటే నా మర్యాద దక్కేది. కానీ ఆ ప్రశ్న నన్నెవరూ అడగక ఎన్నేళ్ళయిందో! ఎక్కడలేని హుషారూ వచ్చేసింది. లోకంలో ప్రతి వస్తువూ కంటికి కనపడని పరమాణువులతో అయిందనీ, వాటికి చేతులుంటాయనుకోమనీ, ఉదజనికి ఒకటే చెయ్యి, ఆమ్లజనికి రెండు చేతులనీ, ఏ చెయ్యీ ఖాళీగా ఉండడానికి ఒప్పుకోదనీ చెప్పుకుపోయాను. (ఇప్పటి పిల్లలు వీటినే హైడ్రోజన్, ఆక్సిజన్ అంటారు.) పిల్లలు తెల్లమొహాలు వేశారు. సరే, చేసి చూపిద్దామని చిట్టిని ఆమ్లజనిగా మధ్యలో నిలబెట్టి, చెరో పక్కా ఒక కుర్రాణ్ణి ఉదజనిగా పెట్టి చేతులు పట్టించాను. పట్టించి, మా పాత మేష్టరి గొంతుతో గంభీరంగా అన్నాను: "ఇక వీళ్ళని విడదీయడం ఎవరి తరమూ కాదు."

సరిగ్గా అప్పుడే చిట్టి నాయన ఏట్లో స్నానం చేసి వస్తున్నాడు.

ఆ లైన్ల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మగవాళ్ళు మందలుగా, ఆడవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది ఉండే చోటది. ఆడమనిషి కోసం చెరకు కత్తులు లేచిన చోటు. పదేళ్ళ పిల్లని కూడా ఇస్తావా అని అడగడానికి పెద్ద పెద్ద మీసాలవాళ్ళు మత్తు పానీయం చేసుకునే యాంగోనా వేళ్ళ కట్ట చంకలో పెట్టుకుని వచ్చేవాళ్ళు. అందర్నీ తిట్టి తరిమి, కూతుర్ని కంటికి రెప్పలా కాచుకుంటున్న మనిషి ఆయన. అట్లాంటివాడికి నా రసాయన శాస్త్రం ఎట్లా కనపడి ఉంటుందో మీరే ఊహించండి.

"ఏందయ్యా మేష్టరూ! ఒక్క బిడ్డకి ఇద్దురా?"

"అది... నీళ్ళు," అన్నాను. (ఇంతకన్నా తెలివిమాలిన జవాబు నా జీవితంలో ఇంకొకటి లేదు.)

"నీళ్ళా? నా బిడ్డ నీళ్ళా?" కుర్రాళ్ళు ఎప్పుడో పారిపోయారు. ఆయన చిట్టి చెయ్యి పట్టుకుని లాగాడు. "ఈ పొద్దుతో దీని సదువు సాలు. రేపే సర్దారుతో సెప్పి గడ్డి పనిలో పెడతా!"

చిట్టి ఏడవలేదు. తండ్రి వెంట నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి నన్నడిగింది: "మేష్టరూ, ఇప్పుడొక చెయ్యి ఖాళీ గదా. మరి నీళ్ళేమైపోతాయి?"

పరీక్ష తప్పిన రోజు కూడా అంత బాధపడలేదు.

జవాబు వంటపాకలోంచి వచ్చింది. మా ఓడలో వచ్చినావిడ, వెనకా ముందూ ఎవరూ లేని మనిషి; ఓడక్క అని పిలిచేవాళ్ళం. చేతి మసి కోకకి తుడుచుకుంటూ దారికి అడ్డంగా నిలబడింది.

"ఏమబ్బయా, ఓడలో నువ్వు కక్కుకోని కక్కుకోని పానం మీదికి తెచ్చుకున్నప్పుడు నీ చెయ్యి ఎవురు పట్టుకున్నారు?"

ఆయన భుజమ్మీది తడి తుండు సర్దుకున్నాడు.

"ఒక చేత్తో నిన్ను పట్టుకున్నా, ఇంకో చేత్తో నీ బిడ్డని పట్టుకున్నా. ఆ పొద్దు నన్ను పెళ్ళాడినావా? సెప్పు. నేను నీకేమైతా?"

"అక్కవి," అన్నాడాయన నేలకేసి చూస్తూ.

ఓడక్క చిట్టి ఖాళీ చెయ్యి అందుకుంది. రెండోది తండ్రి పట్టుకునే ఉన్నాడు. వదలడం మరిచిపోయాడో, వదలబుద్ధి కాలేదో. "ఇప్పుడు అయినాయా మేష్టరూ నీళ్ళు?" అందావిడ.

"అయ్యాయి," అన్నాను.

ఆయన ఉండబట్టలేక, "ఇంతకీ నేనెవురు ఇందులో?" అన్నాడు. ఉదజని అని చెప్పాను. "అది బరువైందేనా?" అన్నాడు. అబద్ధం చెబుదామనుకున్నాను, కానీ చిట్టి నా మొహంలోకే చూస్తోంది. "లోకంలో అన్నిటికన్నా తేలికైంది," అన్నాను. మా తోటలో ఆయనంత భారీ మనిషి లేడు. నన్ను ఎగాదిగా చూసి, "బిడ్డకి సదువు సెప్పు. నన్ను మాత్రం మార్చు," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ప్రతి ఆదివారం కూతుర్ని తనే తెచ్చి దింపేవాడు.

ఇప్పుడు ఆయనా లేడు, ఓడక్కా లేదు. తలుచుకుంటే దుఃఖం వస్తుంది. మొన్న తవువా ఊళ్ళో చిట్టి ఇంటికి వెళితే, దాని మనవడు ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నీళ్ళ బొమ్మ చూపించాడు. గుండ్రాల మధ్య గీతలున్నాయి. చేతులేవిరా అన్నాను. వాడు పకపకా నవ్వి, పరమాణువులకి చేతులుండవని నాకు హిందీలో పాఠం చెప్పాడు. పరీక్ష తప్పినవాణ్ణి, ఏమని వాదిస్తాను? చిట్టి నాకు మంచినీళ్ళు అందిస్తూ, వాడికి అర్థం కాని తెలుగులో అంది:

"ఉండాయిరా. నేను పట్టుకున్నా."

ఆ కుర్ర మేష్టరు ఇంకా నాలో ఎక్కడో ఉన్నట్టున్నాడు. వాడు మురిసిపోతుంటే నేను నవ్వుకుంటూ నీళ్ళు తాగాను.