తువ్వాలుకు రెండో కొస

గోపాలపట్నం స్టాపులో సాతానుని ఒక్క వాక్యంతో బస్సులోంచి తరిమేశాను. చర్చిలో సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ ఇలాగే మొదలుపెట్టేవాణ్ణి. అసలు సంగతి కొంచెం వేరు.

తాగుడు మానేసిన కొత్తలో ఒకరోజు కూర్మన్నపాలెంలో బస్సెక్కాను. గోపాలపట్నం దగ్గరపడుతుంటే, స్టాపు పక్కనున్న బ్రాందీ షాపు గుర్తొచ్చింది. కంఠతా వచ్చిన బైబిలు వాక్యం గొణుగుతూనే సీట్లోంచి సగం లేచాను.

పక్కన ఒక ముసలి జాలరి కూర్చుని ఉన్నాడు. "ఏటి బావ, దిగిపోతన్నావా?"

"దిగితే తాగేత్తాను."

"మరి ఒట్టి వాక్యమే గొణుగుతన్నావేటి? స్తోత్రం ఏదీ? మా పెద్దవల లాగినప్పుడు ఒకడు పాట ఎత్తుతాడు, ఆ పాట మీద అందరం లాగుతాం. పాట లేకపోతే తలోపక్కకీ లాగేత్తాం. లాగకుండా పాడితే వలే రాదు."

భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస నా చేతికిచ్చాడు, రెండోది తను పట్టుకున్నాడు. వలపాట వరసలో "స్తోత్రం యేసయ్యా" అని ఎత్తాడు. నేను వాక్యం చెబుతూ లాగాను. మళ్లీ ఆయన స్తోత్రం, మళ్లీ నా వాక్యం. బస్సంతా నవ్వింది. స్టాపు వచ్చింది, వెళ్లిపోయింది. నేను సీట్లోనే ఉన్నాను.

మొన్న ఆదివారం చర్చిలో ఉన్నదున్నట్టు ఇదంతా చెప్పాను. చివర్లో మాత్రం, "ఆ రోజుతో సాతాను పారిపోయాడు," అని కలిపాను.

ఆడవాళ్ల వరసలోంచి మా ఆవిడ లేచింది.

"ఎక్కడికి పారిపోయాడయ్యా? ఇయాల పొద్దున్న కూడా మన గుమ్మంలోనే ఉన్నాడు. నాను తువ్వాలు కొస పట్టుకోబట్టి చర్చికొచ్చావ్."