మూత పెట్టని సీసా

ఏలూరులో మా ల్యాబ్‌లో కొల్లేరు చేపల్లో పురుగుమందుల అవశేషాలు వెతికేవాళ్లం. చేపలు కోసి, తూచి, గాజుసామాను కడిగిపెట్టే అటెండరు నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద, కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. కొర్రమీను ఆయన చేతిలో పడితే ముల్లుకి ముల్లు, కండకి కండ విడిపోయేవి. నేను కోస్తే పచ్చడే. ఆయన నవ్వు దాచుకుని, ఇటివ్వండి మేడంగారూ అనేవారు.

ఆ మధ్యాహ్నం తప్పు నాది. పెట్రోలులా భగ్గుమనే హెక్సేన్ సీసాని, వేడెక్కుతున్న హాట్‌ప్లేటు పక్కన మూత పెట్టకుండా వదిలేసి, పక్కగదిలోకి వెళ్లాను. వెళ్లింది ఎందుకు? కొత్తగా చేరిన పిల్లలకు అగ్నిప్రమాదాలు రాకుండా ఎలా చూసుకోవాలో పాఠం చెప్పడానికి. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అదే నేను.

మధ్యలో ఆయన గుమ్మంలోకి వచ్చి, వీలైతే ఒక్కసారి ఇటు వస్తారా అని మెల్లగా అడిగారు. పాఠం ఆపడం ఇష్టంలేక రెండు నిమిషాలన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయారు.

రెండు నిమిషాలు కాకుండానే భగ్గుమన్న చప్పుడు. పరుగెత్తి మెయిన్ ఆపేశాను, పిల్లల్ని బయటికి తరిమాను. అప్పటికే ఆయన కాలిన చేతులతోనే బకెట్లో ఇసుక తీసి మంట మీద పోస్తున్నారు. రమ్మని ఎంత అరిచినా, అది ఆరేదాకా కదల్లేదు.

సీసా వదిలేసింది నేనేనని కమిటీకి రాసిచ్చాను. మందలించి వదిలేశారు. తర్వాత గోడలనిండా బోర్డులు పెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందని ఎవరో అని, నాలుక కరుచుకున్నారు. ఆ సామెత ఇప్పటికీ నా నోట రాదు.

నెలలు గడిచాక ధైర్యం చేసి లంకలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. భార్య అన్నం కలిపి నోట్లో పెడుతోంది. ఆ పూట కూర కూడా చేపే. ముళ్లు ఆవిడే తీస్తోంది.

సీసా ముందే చూశారు కదా, నిలబడి గట్టిగా చెప్పాల్సింది కదండీ అన్నాను. అడిగాక సిగ్గేసింది.

"పిల్లలు మీ ఎదురుగా కూర్చుని రాసుకుంటున్నారు కదండీ మేడంగారూ. వాళ్ల ముందు మీరే మూత పెట్టలేదని ఎలా చెప్తానండి? నేనే పెట్టేద్దామని చెయ్యి పెట్టానండి."

ఆయన భార్య, తన చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, లోపలికి వెళ్లిపోయింది.