ఆపరేషన్ అంటే పని

నా చిన్నప్పుడు మా నగరి వీధిలో ఆపరేషన్ అన్న మాట చెవిన పడితే చాలు, మగవాళ్లు పెరటి దారిన పరుగు తీసేవాళ్లు. పిల్లలు పుట్టకుండా కోసే డాక్టర్ల జీపు వచ్చిందని హడలు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. నాకు మాత్రం ఆ ఏడు నవ్వు రాలేదు. మా నాయనకు నిజంగానే ఆపరేషన్ చెయ్యాలన్నారు, అదీ వేరే జబ్బుకు.

గుంట మగ్గంలో కూర్చుని నేసీ నేసీ నాయనకు పేగు జారింది. దగ్గితే పొత్తికడుపు పక్కన నిమ్మకాయంత ఉబ్బు లేచేది. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది, వారంలోపు వచ్చి చేరమని తిరుపతి పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. నాయన తల్లి, మా అవ్వ ఒప్పుకుంటేనా! చీర సగంలో ఉండగా నేసేవాడు ఊరు దాటకూడదని ఆమె పట్టింపు. సరే, చీర దించేసి పోతానన్నాడు నాయన. ఇంకా మూడు గజాలు నెయ్యాలి.

అంతకుముందే మా వీధి చివర ఇంటాయన ఆపరేషన్‌కని పోయాడు. చాపలో చుట్టి తెచ్చారు. ఆ చాప నేను కళ్లారా చూశాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఇంట్లో కండెలు చుట్టడం నా పని. రాట్నం తిప్పి సన్నటి పుల్లకు నూలు బిగువుగా చుట్టి ఇస్తే, నాయన దాన్ని మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి నేసేవాడు. వదులుగా చుడితే నూలు జారి, చిక్కుపడి తెగుతుంది. చీర పూర్తి కాకపోతే నాయన పోడు, పోకపోతే చావడు. నా బుర్రకు అంతకంటే ఏం తోస్తుంది! మూడు రోజులు కావాలనే వదులుగా చుట్టాను. నాయన రెండు జానలు నేస్తే నాలుగుసార్లు తెగేది. తెగినప్పుడల్లా పొట్ట పట్టుకుని వంగి అతుకు వేసేవాడు. “ఏం పాపా, చెయ్యి వణకతా ఉండాదా?” అని ఒక్కసారి అడిగాడు. నేను తలెత్తలేదు.

మా పక్కింట్లో ఒక అయ్యవారు ఉండేవారు. చిన్నతనంలో పాదిరీల దగ్గర చదువుకుని లాటిన్ నేర్చిన మనిషి. ఏ ఇంగ్లీషు మాట అడిగినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే వదలరు. నాలుగో రోజు పొద్దున భయం పట్టలేక ఆయన అరుగెక్కి, ఆపరేషన్ అంటే చంపడమా అని అడిగాను.

ఆయన నవ్వారు. “కాదు పాపా. లాటిన్‌లో ఓపుస్ అంటే పని. దాని బిడ్డే ఈ మాట. లెక్కల్లో కూడికా తీసివేతా ఆపరేషనే. దండు కదిలినా ఆపరేషనే. మీ నాయనకు నూలిచ్చే కోఆపరేటివ్ ఉండాది సూడు, అంటే కలిసి పని చేసేది. నువ్వు రాట్నం తిప్పేదీ అదే లెక్క.”

పాపం, నన్ను ఊరడించాలనే చెప్పారు. నాకు తోచింది వేరు. పని అంటే బాగానూ చెయ్యొచ్చు, కావాలని చెడగొట్టనూవచ్చు. డాక్టరు ఇంకా ఆపరేషన్ చెయ్యనే లేదు, నేను మాత్రం మూడు రోజులుగా మా నాయన మీద చేస్తూనే ఉన్నాను. అక్కడే భోరుమని ఏడుస్తూ అంతా కక్కేశాను.

అయ్యవారు నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి నడిపించారు. నాయన మగ్గం గుంటలోనే ఒరిగిపోయి ఉన్నాడు, ముఖమంతా చెమట. నేను చెప్పింది విని అవ్వ నా వీపు మీద ఒక్కటి చరిచింది. నాయన చెయ్యెత్తి ఆపాడు.

“కొట్టొద్దుమా. పాప చుట్టిన కండె నాకు తెలీదా? మొదటి రోజే కనుక్కున్నా. తెగినప్పుడల్లా ఇంకో పూట గడిచిందిలే అనుకున్నా. నాకూ బయంగానే ఉండాది.”

మా నాయనకు భయమా! అప్పటిదాకా నాకు ఆ ఊహే లేదు. అవ్వ తానే వెళ్లి, పాత చీర ఒకటి తెచ్చి మగ్గం మీద కప్పింది. “చీర ఆడ్నే ఉంటాదిలే. లెయ్ నాయనా, బస్సుకు టైమైతాది,” అంది. ఆమె గొంతు నేనెప్పుడూ అంత మెత్తగా వినలేదు.

నేను వదలకపోతే నన్నూ బస్సెక్కించారు. పుత్తూరు దాటేదాకా, దాటాక కూడా, గతుకు వచ్చినప్పుడల్లా నాయన నా వేళ్లు నలిపేసేవాడు. నొప్పికో భయానికో తెలియదు. నేనూ తిరిగి నలిపేదాన్ని. ఆసుపత్రిలో డాక్టరు అందరినీ కలిపి తిట్టాడు. రేపు తెచ్చి ఉంటే లాభం లేకపోయేదన్నాడు.

నాయన బతికాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు నేశాడు.

మా ఇంట్లో ఎవరైనా ఆసుపత్రికో పరీక్షకో రేపు పోదాంలే, ఎల్లుండి చూద్దాంలే అని సాకులు చెబుతుంటే నేను తిట్టను. పక్కన కూర్చుని, నీకు భయంగా ఉందా అని అడుగుతాను. పోయిన నెల నా వంతు వచ్చింది. కంటి ఆపరేషన్‌ను మూడుసార్లు వాయిదా వేశాను. ఒకసారి పండగన్నాను, ఒకసారి జలుబన్నాను, ఇంకోసారి వానన్నాను. చివరికి నా కూతురు నా పక్కన కూర్చుని అదే మాట నన్ను అడిగింది. ఉందే తల్లీ, చాలా ఉంది అన్నాను. అన్నాక లేచి చెప్పులు వేసుకున్నాను.