మర్గిత కలిపిన బురద

మర్గిత హ్రుబోషోవా ముప్పై ఒక్క ఏళ్లుగా బురదే కలిపింది. వాహ్ నది పాత పాయలోంచి తవ్విన ఒండ్రును వేడి ఊటనీళ్లు పారే గోతిలో ఏడాదిపాటు నానబెడితే నల్లగా, వెన్నలా తయారవుతుంది. దాన్ని నొప్పులతో స్నానశాలకు వచ్చినవాళ్ల మోకాళ్లకు, నడుముకు పట్టించి దుప్పటి చుట్టడం ఆమె పని. వాళ్లమ్మదీ అదే పని.

వ్రుబోవ్ ఊరికి ఆ ఊట, ఆ బురద తప్ప వేరే బతుకుతెరువు లేదు. అమ్మ రోజుల్లో స్నానశాలలు జమీందారువి, పనివాళ్లకు దొడ్డిదారే. తర్వాత సర్కారు తీసుకుంది. గని కార్మికులు మూడేసి వారాలు ఉచితంగా వచ్చి ఉండేవారు. సర్కారు మారాక గనులు మూతపడ్డాయి. కొన్నేళ్లు కువైట్ కుటుంబాలు వేసవంతా దిగేవి. కూరగాయల కొట్టుకు కూడా అరబ్బీ బోర్డు పడింది. వాళ్లూ తగ్గారు. చివరికి స్నానశాలలను ఒక కంపెనీ కొనుక్కుంది.

కంపెనీ పంపిన మేనేజరు రదోవాన్‌కు ముప్పై ఏళ్లుంటాయి. గోతి దండగన్నాడు. దాన్ని పూడ్చి కార్లు నిలుపుకునే చోటు చేస్తామని, ఇక బస్తాల్లో పొడి వస్తుందని, నీళ్లు కలుపుకుంటే చాలని చెప్పాడు.

ఆ పొడి ఎంత కలిపినా ఉండలు కట్టేది. అరగంట వేడి నిలవాల్సింది పది నిమిషాలకే చల్లారేది. ప్రతి వసంతంలోనూ సొంత డబ్బు పెట్టుకుని వచ్చే పాత గని కార్మికుడు కుబాలా దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఇదేంటి మర్గితమ్మా, మా ఆవిడ పోసే సూపే ఇంతకన్నా వేడిగా ఉంటుంది" అన్నాడు. ఆమెకు తల తీసేసినట్టయింది. మేనేజరు దగ్గరికి మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ అతను నవ్వి, "మీ అనుభవం మాకు ఆస్తి, మర్గిత గారూ" అని సాగనంపాడు.

విసిగిపోయి ఊరి సభకు అర్జీ పెట్టింది. తనతోపాటు బురద పనిచేసే యూల్కా తానూ లేచి మాట్లాడతానంది. సభరోజు మర్గిత రెండు బకెట్లు మోసుకెళ్లింది. ఒకదాన్లో గోతి బురద, ఇంకోదాన్లో పొడితో కలిపిన బురద. రెండింటినీ ఒకే వేడికి తెచ్చి పావుగంట ఆగి, చేతులు పెట్టి చూడమంది. మేయరమ్మ చొక్కా చేతులు మడిచి రెండింట్లోనూ చేయి పెట్టింది. "మన బురదే వేడిగా ఉంది, కాదనను" అంటూ తుడుచుకుంది. ఆపైన సభ్యులను చేతులెత్తమన్నారు. గోతిని ఉంచాలని ఇద్దరు, పూడ్చాలని ఏడుగురు. ఊరికి పన్ను కట్టేది కంపెనీయే. ఆ ఏడుగురిలో నలుగురి ఇళ్లవాళ్లకు జీతమిచ్చేదీ కంపెనీయే. యూల్కా చివరి వరుసలో తల వంచుకుని కూర్చుంది.

వంతెన మీద మర్గిత ఆమెను నిలదీసింది.

"నోరు పడిపోయిందా?"

"నీకింకా రెండేళ్లే సర్వీసు, అక్కా. నాకు పదకొండేళ్లుంది. మావాడికి కూడా కంపెనీ హోటల్లోనే పని" అంది యూల్కా.

మర్గిత బకెట్లు ఎత్తుకుని వంతెన దిగిపోయింది.

నెల తిరక్కుండా గోతిలో కంకర పోశారు. మర్గితను తువాళ్లు మడతపెట్టే గదికి మార్చారు. రాజీనామా కాగితం రెండుసార్లు రాసి, పింఛను గుర్తొచ్చి రెండుసార్లూ చించేసింది.

శీతాకాలంలో ఫొటోగ్రాఫరు వచ్చాడు. కొత్త ప్రకటన పుస్తకంలో ‘తరతరాలుగా బురద కలిపిన చేతులు’ అని ఫొటో వేస్తారట. రదోవాన్ ఆమెను పిలిపించి, ఆ పొడి బురదనే చేతులకు పూయించాడు. మర్గిత దాన్ని ఒక్క క్షణం చూసి, కొళాయి తిప్పి చేతులు కడిగేసుకుంది.

"బస్తాకి తీయండి ఫొటో. పని చేసేది అదే కదా" అని తువాళ్ల గదికి వెళ్లిపోయింది.

పుస్తకంలో యూల్కా చేతులు వచ్చాయి. కుబాలా ఆ వసంతంలో రాలేదు. వేరే ఊరి స్నానశాలలో గది తీసుకున్నానని కార్డు రాశాడు. మర్గిత దాన్ని జేబులో పెట్టుకుని తువాళ్లు మడతపెట్టసాగింది.